నాది కాని చేపల చెరువు

"మేడం గారూ, మీ చేపల చెరువు ఎలా ఉందండీ ఇప్పుడు?" అని బ్యాంకు ఆఫీసరు అడిగినప్పుడు, నా పక్క కుర్చీలో ఉన్నవాళ్లని అడుగుతున్నారనుకుని అటు తిరిగాను. పక్క కుర్చీలో ఉన్నది మావారు. ఆయన నావైపే చూస్తున్నారు, పదిహేనేళ్ల కాపురంలో ఇన్నాళ్లూ దాచిపెట్టావా అన్నట్టు.

అది రెండువేల ఎనిమిది ప్రాంతం. ఏలూరులో ఒక మిషన్ హైస్కూల్లో నేను లెక్కల టీచర్ని. మావారు రైల్వేలో బుకింగ్ క్లర్కు. మేమిద్దరం కలిసి చేసిన మొదటి దుస్సాహసం చిన్న కారు కొనాలనుకోవడం. లోనుకి కాగితాలన్నీ ఇచ్చాం. జీతాల స్లిప్పులు ఉన్నాయి, ఫొటోలు ఉన్నాయి, పెట్టమన్నచోటల్లా సంతకాలు ఉన్నాయి. అంతా అయ్యాక ఈ చేపల చెరువు వచ్చింది.

ఆఫీసరు కంప్యూటర్ని మావైపు తిప్పారు. "ఇదిగోండి. కొల్లేటికోట దగ్గర చెరువు మీద అప్పు. రెండేళ్లుగా మీరు ఒక్క వాయిదా కట్టలేదు."

"నాకు చెరువు లేదండీ."

"ఉందని వచ్చిందండీ."

"ఎక్కణ్ణుంచి?"

"పైనుంచండీ," అని ఆయన ఫ్యాను వైపు చూపించారు.

అప్పులు తీసుకున్నవాళ్ల చరిత్రంతా రాసిపెట్టే కంపెనీ ఒకటి బొంబాయిలో ఉందనీ, అక్కడి నివేదికలో నాకు చెడ్డపేరు ఉందనీ ఆ రోజే తెలిసింది. నా పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ అన్నీ సరిపోయాయట. పుట్టినతేదీ జూలై ఒకటి. నన్ను బడిలో వేసేటప్పుడు హెడ్మాస్టరు గారు తనకి వీలుగా వేసిన తేదీ అది. ఆ తరంలో జిల్లాలో సగం మంది ఆ రోజే పుట్టారు. ఇక పేరంటారా, ఆ పేరు ఇక్కడ రాయను. ఇప్పటికే అది తిరగవలసినంత తిరిగింది.

బొంబాయికి ఉత్తరం రాశాను. అప్పిచ్చిన బ్యాంకు దిద్దమంటేనే దిద్దుతామని జవాబొచ్చింది. ఆ బ్యాంకు బ్రాంచి కొల్లేరు అవతల ఒక చిన్న ఊళ్లో ఉంది. సెలవు పెట్టి వెళ్లాను. మేనేజరు గారు మర్యాదస్తుడు. మజ్జిగ తెప్పించి, "మీరు ఆవిడ కాదని ఏదైనా కాగితం తెండమ్మా, తప్పకుండా రాస్తాను," అన్నారు.

ఆ కాగితం కోసం ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్లాను. గుమాస్తా గారు నా అర్జీ రెండుసార్లు చదివారు.

"ఒకే మనిషికి రెండు పేర్లుంటే, ఇద్దరూ ఒకరేనని సర్టిఫికెట్ ఇస్తామండీ. దానికి ఫార్మాట్ ఉంది. ఒకే పేరుకి ఇద్దరు మనుషులుంటే ఫార్మాట్ లేదండీ."

"మరి నేనేం చెయ్యాలండీ?"

ఆయన నిజంగానే ఆలోచించారు. "మీరు పేరు మార్చుకోండి. అప్పుడు రెండు పేర్లవుతాయి కదా, ఒకరేనని ఇచ్చేస్తాను," అన్నారు.

ఇదంతా సాగుతుండగానే నేను కారు నడపడం నేర్చుకుంటున్నాను. నిజానికి లైసెన్సు అప్పటికే ఉంది. ఏలూరు డ్రైవింగ్ స్కూల్లో మాస్టారి కాళ్ల కింద కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చు ఉండేవి. నెల్లాళ్లు నేను స్టీరింగు పట్టుకున్నాను, కారు మాత్రం ఆయనే నడిపారు. ఈ సంగతి మా స్కూలు బస్సులు బాగుచేసే మేస్త్రీ గారికి చెబితే నవ్వారు. ఆయన తండ్రి ఏలూరులో తివాచీలు నేసేవారు. ఈయనకి మగ్గం కన్నా ఇంజను నచ్చి తాడేపల్లిగూడెంలో షెడ్డు పెట్టుకున్నారు.

"ఆదివారం మధ్యాహ్నం గూడెం రండి టీచర్ గారూ. పాత రన్‌వే మీద నేర్పుతాను. అక్కడ గుద్దడానికి ఏమీ ఉండదు," అన్నారు.

ఎప్పుడో యుద్ధకాలంలో విమానాల కోసం పోసిన కాంక్రీటు అది. విమానాలు పోయి రెండు తరాలైంది. కోతల రోజుల్లో దానిమీద ధాన్యం ఆరబోస్తారు, మిగతా రోజుల్లో జనం నడకకి వస్తారు. ఆదివారాలు మాత్రం మేస్త్రీ గారు ఒక చివర సున్నం పూసిన పాత టైర్లు వంపులు వంపులుగా పేర్చి ట్రాకు చేసేవారు. ఆయన దగ్గర వెనక సీటు పీకేసిన పాత కారు ఒకటి ఉండేది. రైసు మిల్లు యజమాని ఒకరు, పళ్ల డాక్టరు ఒకరు, ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరు ఒకరు వచ్చేవారు. ఒకరితో ఒకరికి పోటీ లేదు. ఒక్కొక్కరు చుట్టు తిరిగి రావాలి. మేస్త్రీ గారు స్టాప్‌వాచ్ నొక్కుతారు. పోయిన వారం కంటే తగ్గిందా లేదా, అంతే.

మొదటి ఆదివారం చర్చి అయ్యాక పాసింజరు ఎక్కి వెళ్లాను. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని ఒక చుట్టు తిరిగొచ్చి, "ఎంతొచ్చిందండీ?" అని అడిగాను.

"మీకు వాచీ సరిపోదండీ, క్యాలెండరు తేవాలి," అన్నారాయన.

తర్వాత పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పారు. "బ్రేకు వంపులో కాదండీ, వంపుకి ముందే. గట్టిగా, తిన్నగా ఉన్నప్పుడే. వంపులో స్టీరింగే పని. బయటికొస్తున్నప్పుడు మళ్లీ యాక్సిలరేటరు. చూపు టైరు మీద పెట్టకండి. మీరెటు చూస్తే బండి అటే పోతుంది."

నేను టైరునే చూశాను. బండి టైరు మీదకే పోయింది.

ఆయన బాధ ఒక్కటే. "మీరు మరీ జాగ్రత్తమనిషండీ. బ్రేకుని నమ్మరు, అందుకే స్పీడుకి పోరు." ఆ మాట విన్న మర్నాడే బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. అప్పుల విషయంలో నా ప్రవర్తన మిక్కిలి ప్రమాదకరంగా ఉన్నందున కారు లోను ఇవ్వలేమని అందులో ఉంది. రెండూ మావారికి వినిపించాను. "వీళ్లలో ఎవరో ఒకరికి నువ్వు అర్థం కాలేదు," అన్నారు.

రెండోసారి వెళ్లినప్పుడు బ్రాంచి మేనేజరు గారే ఒక దారి చెప్పారు. "ఆవిణ్ణి కూడా తీసుకురండమ్మా. ఇద్దరూ ఒకేసారి నా ఎదురుగా నిలబడితే ఇద్దరు మనుషులేనని నేనే రాసిస్తాను."

అలా నన్ను నేను వెతుక్కుంటూ కొల్లేటికోట వెళ్లాను. ఆటో ఒక గట్టు దగ్గర ఆగిపోయింది. అక్కణ్ణుంచి దోనె మీద వెళ్లాలి. దోనె నడిపే పెద్దాయనకి నా పేరే చెప్పి ఫలానా ఆవిడ ఇల్లెక్కడని అడిగాను. దారిపొడవునా తెగ్గొట్టిన చెరువు గట్లు కనబడ్డాయి. సరస్సుని సరస్సుగా ఉంచాలని అంతకు రెండేళ్ల ముందు ప్రభుత్వం ఆ చెరువులన్నీ కొట్టేయించింది. గట్ల మధ్య నీళ్లలో గుర్రపుడెక్క పెరిగిపోయి ఉంది. నా చెరువు కూడా వాటిలోనే ఎక్కడో ఉండాలి.

ఆవిడ ఇంటి ముందు చేపలు ఎండబెడుతోంది. నా వయసే, నాకంటే పొడగరి. అప్పు వసూలుకి వచ్చాననుకుని లేవకుండానే, "నా దగ్గరేం లేదండీ, ఇల్లు చూసుకెళ్లండి," అంది. పేరు చెప్పాను. వచ్చిన పని చెప్పాను. కాసేపు నన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వింది.

"నా పేరెట్టుకుని టీచరయ్యారా! నేను అయిదుతో ఆపేశానండీ."

పీట వేసింది, టీ పెట్టింది. టీ తాగుతుంటే అసలు సంగతి చెప్పింది. ఆ చెరువు ఆవిడది కూడా కాదు. ఊరికి అవతల ఒక పెద్దరైతు చాలామంది పేర్ల మీద చెరువులు వేశాడు. అప్పులూ వాళ్ల పేర్ల మీదే తీశాడు. సంతకానికి వెళ్లిన రోజు ఆవిడకి ఒక చీర ఇచ్చారు, హోటల్లో భోజనం పెట్టారు. చెరువు మీద వచ్చింది ఆయన పట్టుకెళ్లాడు. గట్టు తెగ్గొట్టాక అప్పు ఆవిడకి మిగిలింది, అటునుంచి నాకు వచ్చింది. మా ఇద్దరిలో ఎవరమూ ఆ చేప రుచి చూసి ఎరగం.

"వస్తానండీ మీతో. కానీ ఆ బ్యాంకుకి రెండు బస్సులు మారాలి. నాకు బస్సు పడదు, వాంతులు," అంది.

మేస్త్రీ గారిని కారు అడిగాను. ఆయన ముందు బండి చుట్టూ తిరిగి నాలుగు టైర్లూ తన్ని చూశారు. తర్వాత, "ఇస్తానండీ, మీరు జాగ్రత్తమనిషి కదా," అని తాళం ఇచ్చారు. అంతకాలం దెప్పిన గుణమే నాకు ఆ రోజు పనికొచ్చింది.

ముందు రోజే కబురు పెట్టాను. అన్నట్టుగానే ఉదయానికి ఆవిడ దోనె దిగి గట్టు మీద నిలబడి ఉంది. పట్టుచీర కట్టుకుంది. సంతకం నాటి చీర అదేనని తర్వాత చెప్పింది. గట్టు రోడ్డు సన్నం, అటూ ఇటూ నీళ్లు. సగం దూరం పోయేసరికి మలుపు దాటగానే రోడ్డుకి అడ్డంగా గేదెల మంద. చూపు గేదెల మీద పెట్టలేదు. స్టీరింగు కదపకుండా ఉన్న బలమంతా బ్రేకు మీద పెట్టాను. బండి తిన్నగా ఆగింది. ముందరి గేదె బానెట్టు వాసన చూసి పోయింది.

ఆవిడ డ్యాష్‌బోర్డు మీంచి చేతులు తీసి, "ఎంతకాలంగా నడుపుతున్నారండీ?" అంది.

"ఆరు ఆదివారాలండీ."

అటు తర్వాత బ్రాంచి వచ్చేదాకా ఆవిడ ప్రార్థిస్తూనే ఉంది. ఏ దేవుణ్ణో అడగలేదు. వాంతులు మాత్రం అవలేదు.

మేనేజరు గారు మమ్మల్నిద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చూశారు. రెండు కాగితాల మీద ఒకే పేరు రెండు దస్తూరీల్లో రాయించారు. "ఇద్దరే," అని తేల్చి ఉత్తరం టైపు చేయించారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడాయన ఆవిడవైపు తిరిగి, "అయితే అమ్మా, అప్పు పూర్తిగా మీదేనన్నమాట. మీ సరైన అడ్రసు చెప్పండి," అని పెన్ను తీశారు.

నాకు ముఖం చెల్లలేదు. అన్ని నెలలు తిరిగి నేను సంపాదించింది ఆవిడ అడ్రసు. ఆవిడ మాత్రం తడుముకోకుండా చెప్పింది, ఇంటి నంబరుతో సహా. తిరుగుదారిలో ఆవిడే, "మీరేం చేస్తారండీ. వాళ్లు ఎప్పుడైనా వచ్చేవాళ్లే," అంది.

ఆ వారమే ఆవిడ తరఫున అర్జీ రాశాను. పెద్దరైతు సంగతి, చీర, భోజనం అన్నీ రాసి ఆవిడ సంతకంతో బ్యాంకు పైఆఫీసుకి పంపాను. పరీక్ష పేపర్లు దిద్దినంత శ్రద్ధగా ఆ అర్జీ నాలుగుసార్లు దిద్దాను. జవాబు రాలేదు. గుర్తుచేస్తూ మళ్లీ రాశాను. దానికీ రాలేదు.

నా నివేదిక నాలుగు నెలలకి బాగుపడింది. చెరువు పోయింది. అయితే దాన్ని తీసేసిన వాళ్లెవరో పనిలో పనిగా నా చిరునామా మార్చేశారు. కారు లోను మంజూరైన ఉత్తరం కొల్లేటికోట వెళ్లింది. ఆవిడ పొరుగువాళ్ల సెల్‌ఫోన్ నుంచి చేసి, "మీకు కారొచ్చిందంటండీ, పోస్టుమాన్ చదివాడు," అని చెప్పింది. ఆ ఉత్తరం తెచ్చుకోవడానికి మావారిని కూడా తీసుకెళ్లాను.

ఆవిడ అప్పు సంగతి తేలడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. నా అర్జీల వల్ల కాదు. ఆ పెద్దరైతుకి ఇంకోచోట రొయ్యల చెరువులకి కొత్త అప్పు కావలసి వచ్చింది. పాత పేర్లన్నీ శుభ్రం చేస్తేగానీ ఇవ్వమన్నారట. ఒక్క రోజులో అందరివీ కట్టేశాడు. న్యాయం జరగాలంటే ఆయనకి అవసరం పడాల్సి వచ్చింది.

ఆ ఏడు కోతలయ్యి రన్‌వే ఖాళీ కాగానే ఆవిణ్ణి ఒక ఆదివారం గూడెం రమ్మన్నాను. ఆవిడకి బస్సు పడదు కాబట్టి నేనే కారులో వెళ్లి తీసుకొచ్చాను. మేస్త్రీ గారు స్టాప్‌వాచ్ ఆవిడ చేతికిచ్చి ఎక్కడ నొక్కాలో చూపించారు. నేను రెండు చుట్లు తిరిగి వచ్చాను. మేస్త్రీ గారు వాచీ తీసుకుని చూసి, మళ్లీ చూసి, "మీ ఇద్దరిలో ఎవరిదో పొరపాటండీ, ఇంత వేగం మీది కాదు," అన్నారు. ఆవిడ మొదటి చుట్టంతా వాచీ నొక్కడం మర్చిపోయి, రెండో చుట్టు మొదట్లో నొక్కిందని తర్వాత తెలిసింది. పళ్ల డాక్టరు గారు అప్పటికే ఆ టైము నా పేరుతో బోర్డు మీద రాసేశారు. దిద్దించమని నేను అడగలేదు.