బాబాయి ఇత్తడి గుండీ

మా బాబాయికి నమస్కారం పెడితే తిరిగి నమస్కారం రాదు, జేబులోంచి ఇత్తడి గుండీ వస్తుంది. "మా తాత పటాలం కోటుది. ఏ పటాలమో చెప్పగలరా?" అంటాడు. పాలవాడినీ వదల్లేదు, కుళాయి బాగుచెయ్యడానికి వచ్చినవాడినీ వదల్లేదు.

పన్ను పీకించడానికి తీసుకెళ్ళాను. డాక్టరు పట్టకారు తీసేలోగా ఈయన గుండీ తీశాడు.

"నోరు తెరవండి."

"ముందు ఇది ఫిరంగి దళానిదో, గుర్రపు దళానిదో చెప్పండి."

"నేను పళ్ళ డాక్టరునండీ!"

"అయితేనేం, మీ దగ్గర మంచి దీపం ఉందిగా!"

పాపం ఆయన దీపం గుండీ మీదికి తిప్పి శ్రద్ధగా చూశాడు. పన్ను మాత్రం బాబాయి నోట్లోనే ఇంటికొచ్చింది.

ఆ తాతకు మిగిలిన ఒక్కగానొక్క కూతురు మామ్మ, బాబాయికి మేనత్త. మంచం దిగలేని మనిషి. వాళ్ళ నాన్న గుర్రమెక్కి యుద్ధం చేశాడని మా ఇంట్లో అందరికీ చెప్పింది ఆవిడే. ఆవిడ ఉండగానే ఆ సంగతి తేల్చాలని బాబాయి పంతం.

ఈ గోల వదిలించుకుందామని ఒకరోజు గుండీ అడిగి పుచ్చుకుని, పాత సైనిక వస్తువులు దాచిపెట్టే ప్రదర్శనశాలకు వెళ్ళాను. మా బాబాయిదని చెప్పి ఇస్తే, అక్కడి అధికారి చూస్తూనే నవ్వాడు. "మళ్ళీ వచ్చిందా ఇది! సామాను మోసే కంచరగాడిదల దళానిదని మీ బాబాయిగారికి పోయినేడే చెప్పానే!"

నాకు ఒళ్ళు మండింది. నేరుగా వెళ్ళి గుండీ చేతిలో పెట్టి బాబాయిని నిలదీశాను.

"తెలిసీ ఊరంతా ఎందుకు తిరుగుతున్నావు?"

"అరవకురా. అత్త తన నాన్నని గుర్రమ్మీద చూసుకుంటోంది. ఈ వయసులో దింపెయ్యమంటావా? పైగా ఆదివారం వచ్చిందంటే తల దువ్వుకుని కూర్చుంటుంది, ఈ వారం ఎవర్ని అడిగావురా అంటూ. తేలిపోయిందంటే ఇంక ఏం చెప్పి నవ్వించను?"

నా కోపం ఎటుపోయిందో తెలియలేదు. ఆ ఆదివారం నేనూ వెంట వెళ్ళాను. పళ్ళ డాక్టరు కథ విని మామ్మ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. బాబాయి మంచినీళ్ళకు లోపలికి వెళ్ళగానే నన్ను దగ్గరికి రమ్మంది.

"మా నాన్న కంచరగాడిదలకి మేత వేసేవాడురా. చిన్నప్పుడు వీడు అన్నం తిననని మారాం చేస్తుంటే నేనే గుర్రం ఎక్కించాను. వీడింకా దిగనివ్వట్లేదు! చెప్పేవు సుమా, పాపం సరదాగా తిరుగుతున్నాడు."

బాబాయి చెంబుతో వచ్చాడు. "ఏంటి, ఇద్దరూ గుసగుసలు?"

"ఆ గుర్రం ఏ రంగుదో కూడా కనుక్కోమంటున్నానురా," అంది మామ్మ.

"అలాగే అత్తా," అని బాబాయి చెంబు నా చేతిలో పెట్టి, జేబులో గుండీ ఉందో లేదో తడిమి చూసుకున్నాడు.