విశాఖను పట్టుకున్న మట్టి కప్పు

ఎనభైల్లో ఒక సాయంత్రం హౌరా స్టేషన్ బయట టీకొట్టు దగ్గర విశాఖ వెళ్ళే బండి కోసం కూర్చున్నాను. పక్క బల్ల మీద ఒక బెంగాలీ పెద్దాయన వాడని మట్టి కప్పులు వరసగా పేర్చి, ఎవరినో గట్టిగా తిడుతున్నాడు. కొట్లాటేమోనని సంచీ దగ్గరికి లాక్కున్నాను.

"భయపడకండి బాబూ," అన్నాడు ఆయనకెదురుగా ఉన్న అప్పన్న. టికియాపారాలో కాపురముంటున్న రైల్వే కూలీ, మన తెలుగువాడే. "ఈ మాస్టారు రోజూ ఇక్కడ కూకుని, పెద్ద యుద్ధంలో ఓడిపోయిన జపానోళ్ళని గెలిపిత్తారు."

మాస్టారు ఒక కప్పు తీసి బల్ల అంచున ఠక్కున పెట్టాడు.

"అది విశాపట్నం మీదకొచ్చిన జపానోళ్ళ దండు," అన్నాడు అప్పన్న. "బాంబులేసి ఎనక్కెల్లిపోడమేటి, ఊరంతా ఖాళీ అయిపోయింది గదా, ఓడల్లోంచి దండుని దించేస్తే సరిపోను అంటన్నారు."

"మాది ఆ ఊరే. ఆ బాంబులకి మా అమ్మ నన్ను కడుపులో మోసుకుంటూ అనకాపల్లి దాకా నడిచిందట," అన్నాను.

అప్పన్న ఆ మాట బెంగాలీలో చెప్పాడు. మాస్టారు నా మొహంలోకి చూశాడు. తర్వాత ఆ కప్పు మెల్లిగా ఎత్తి, అందులో టీ పోయించి నా చేతికిచ్చాడు. నెమ్మదిగా ఏదో అన్నాడు.

"ఆళ్ళు ఎనక్కెల్లిపోయి ఆ తప్పు సెయ్యడమే మంచిదయిందట బాబూ."

అక్కడ టీ తాగాక కప్పు పగలగొట్టేస్తారు. నాకు చేతులు రాక, అక్కడున్న ఆ వారమంతా కప్పుల్ని జాగ్రత్తగా పక్కన పెట్టేస్తూ వచ్చాను. విశాఖను పట్టుకున్న ఆ ఒక్క కప్పును మాత్రం బలంకొద్దీ నేలకేసి కొట్టాను.