రజియా మేడమ్ సాకిన హౌజు

ఈ ఉదయం మా వీధంతా మళ్లీ బ్లీచింగ్ పౌడర్ వాసన. ఎవరో పెద్దమనిషి వస్తున్నాడట, రోడ్డుకు రెండు వైపులా తెల్లటి గీతలు పోశారు. మోరీలో పూడిక మాత్రం కదల్లేదు. ఆ వాసనకు, కొత్తవాడలో రజియా మేడమ్ హౌజు చచ్చిపోయిన పొద్దు గుర్తొచ్చి ఒళ్లు మండింది.

సిమెంటు తొట్టి చచ్చిపోవడమేమిటని నేనూ అప్పట్లో అడిగాను. మేడమ్ కాలేజీలో సూక్ష్మజీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆమె ఇంటి వెనక జంపఖానాల నూలుకు రంగులద్దే షెడ్డు ఉండేది. ఎర్రనీళ్లు పక్క బావిలోకి దిగుతున్నాయని, షెడ్డు మూసేయమని నోటీసు వచ్చింది. రంగును తినే సూక్ష్మజీవులను పెంచి చూపిస్తానని మేడమ్ గడువు అడిగి, రెండు హౌజులు కట్టించారు. గాలి తగలని మొదటిదాంట్లో ఒక రకం జీవులు రంగును విరగ్గొడతాయి. గాలి ఊదే రెండోదాంట్లో మరో రకం ఆ ముక్కలను తినేస్తాయి. పేడనీళ్లు, బెల్లం పోస్తూ వానకాలమంతా వాటిని సాకారు. నేను పత్రికలో ‘క్రిములతో నీటి శుద్ధి’ అని రాస్తే తెల్లారేసరికి మేడమ్ నుంచి ఫోన్.

"ఏమయ్యా రిపోర్టరూ, క్రిములేంది? మీ ఇంట్ల పాలకు తోడేస్తె క్రిములేసినమంటరా? ఒక్కపాలి చూసి రాసుడు బంద్ చెయ్. మళ్ల మళ్ల వచ్చి చూడు."

తిట్లు పడలేక వారం వారం వెళ్లేవాణ్ణి. ఎరుపు మెల్లగా తేనెరంగుకు దిగుతూ వచ్చింది. కంపు మాత్రం భరించలేం.

గడువు ముగిసి అధికారి తనిఖీకి వచ్చే రోజు మేడమ్, నేను వెళ్లేసరికి హౌజుల్లో నీళ్లు అద్దంలా ఉన్నాయి. అద్దకం మేస్త్రీ సమ్మయ్య చేతులు కడుక్కుంటూ నవ్వాడు.

"సారు వస్తాండు గదా మేడమ్, జర సాఫ్ జేసిన. ఒకటే వాసన. బ్లీచింగ్ బస్తా మొత్తం గుమ్మరించిన."

"వానకాలం పొంటి సాకితే అందర్ని ఒక్కసారే చంపినవ్ గదయ్యా!"

"అయ్యో, ఎవర్ని మేడమ్?" సమ్మయ్య నిజంగానే చుట్టూ చూశాడు.

అధికారి వచ్చాడు, తొంగిచూసి మురిసిపోయాడు. "శభాష్ మేడమ్, షెడ్డు నడుపుకోమనండి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె ఊరుకుంటే సరిపోయేది.

"ఇది నా జీవుల పని కాదు సార్, బ్లీచింగ్ పని. రంగు పోయింది, విషం పోయిందో లేదో నాకు తెల్వదు. అవన్నీ సచ్చినయ్. మళ్ల సాకుత, జర టైమియ్యండి."

టైమివ్వలేదు, షెడ్డుకు తాళం వేయించాడు. ఆయన జీపెక్కగానే సమ్మయ్య తల పట్టుకున్నాడు. "సప్పుడుజెయ్యకుంటె మీదేం పోతుండె మేడమ్? మా బువ్వ పాయె."

"ఆ బాయినీళ్లు తాగేది నీ పిల్లలే గదా?"

మేడమ్ విసుగంతా నా వైపు తిప్పారు. "నిలబడి చూస్తవేంది? ఉన్నదున్నట్టు రాయి. నా మీద జాలి రాయకు."

రాశాను. తర్వాత ఎన్ని ఊళ్లు తిరిగినా, నీళ్లు తేటగా కనిపిస్తే ఏం పోసి తేటపరిచారని అడగడం నాకు అలవాటైంది. అడిగినచోటల్లా విసుక్కుంటారు. మేడమ్ మరుసటి ఎండాకాలం పోయారు. షెడ్డుకు వేసిన తాళం తియ్యలేదు. బావి నీళ్లను ఇప్పటిదాకా ఎవరూ పరీక్షించలేదు. రోజూ తోడుకుంటూనే ఉన్నారు.