చెక్క వైపు, గుడ్డ వైపు

ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడిన రోజులు. వాన పడుతున్న ఒక మధ్యాహ్నం భిలాయి పవర్‌హౌస్ స్టేషన్ వెయిటింగ్ రూములో కూర్చున్నాను. కిటికీ ఊచలకీ బెంచీలకీ ప్రయాణికులు తడి దుప్పట్లు ఆరేసుకున్నారు. నా చేతిలో తెలుగు పత్రిక చూసి పక్కనున్న ముసలాయన మాట కలిపాడు.

ఏదో నాటకశాలలో గోడల పలకలు తిప్పడం ఆయన ఉద్యోగమట. ఒక్కో పలకకీ ఒకవైపు చెక్క, ఇంకోవైపు దళసరి గుడ్డ. పాటకచేరీకి చెక్క వైపు తిప్పితే గొంతు హాలంతా మోగుతుంది. నాటకానికి గుడ్డ వైపు తిప్పితే మాట స్పష్టంగా వినిపిస్తుంది.

"ఇప్పుడు గోడల్నిండా మైకులు, స్పీకర్లు ఎట్టీసినారమ్మా. బటన్ నొక్కితే చెవికి హాలు పెద్దదైపోద్ది, చిన్నదైపోద్ది. ఇంక నాతో పనేటి?"

"అంత బాగుంటుందా?"

"కళ్లు మూసుకుని ఇన్నాను. తేడా నాకే తెలీనేదు."

అన్నాడే గానీ, ఒళ్లో చేతులు ఏదో పిడి తిప్పుతున్నట్టు కదులుతూనే ఉన్నాయి.

ఎదురు బెంచీ మీద ఒకావిడ బిడ్డకి ఛత్తీస్‌గఢీలో జోల పాడుతోంది. పాటంతా ఆ దుప్పట్లలోనే ఇంకిపోతోంది. ఆయన లేచి, "భయ్యా, యే హటా దూఁ?" అని, తీసెయ్యనా అన్నట్టు ఒక్కొక్కరినీ అడిగి దుప్పట్లన్నీ మడతపెట్టాడు. కిటికీ అద్దాలు మూశాడు. ఆవిడ గొంతు పైకప్పు దాకా వెళ్లి, మెల్లగా మా అందరి మీదికీ దిగింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించిందేమో, ఆవిడ తలెత్తి చూసి పాట ఇంకా నెమ్మది చేసింది.

ఆయన ఏ రైలెక్కాడో గుర్తులేదు. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా కూనిరాగం తీస్తే వెళ్లి కర్టెన్లు పక్కకి లాగి, కిటికీ మూసేస్తాను. ఉక్కపోస్తోందని కసురుకుంటారు. పాట మాత్రం ఆపరు.