జగదాంబ కొట్లో అట్ట స్టీరింగు

పలాసలో జగదాంబకి చిన్న బొమ్మల కొట్టు ఉంది. బొమ్మలు అమ్మడం కన్నా, అవి ఎందుకు తిరుగుతాయో, ఎందుకు కూస్తాయో తెలుసుకోవడమే ఆమెకి ఇష్టం. పెళ్లయిన కొత్తలో అత్తవారింటి గోడ గడియారం విప్పేసిందని భర్త నారాయణరావు ఇప్పటికీ చుట్టాలకి చెప్పి నవ్విస్తాడు. గడియారం మళ్లీ నడిచిందన్న సంగతి మాత్రం ఆమే చెప్పుకోవాలి.

పోయిన వేసవిలో ఫోన్లో ఒక వీడియో చూసింది. అట్టముక్కలు మడిచి, ఒకదాంట్లో ఒకటి దూర్చి పిల్లలే స్టీరింగు చేసుకుంటారు. మధ్యలో ఫోను పెట్టి తిప్పితే ఆటలో కారు కూడా తిరుగుతుంది. వెంటనే ఒకటి తెప్పించింది.

"ఫోన్లో ఏలుతో ఆడుకున్న పిల్లగుంటలు ఈ అట్టలు మడత పెడతారేటే?" అన్నాడు నారాయణరావు.

"అదే నాకూ తెల్దు. సూద్దాం."

ఎదురింటి అన్నాచెల్లెళ్లని పిలిచింది. చెల్లెలు జాహ్నవి నేలమీద కూర్చుని, నాలిక బయటపెట్టి, ఒక్కో మడతా గోటితో నొక్కింది. అన్న అవినాష్ గుమ్మంలోనే నిలబడి "అయిపోయిందా?" అని అడుగుతూనే ఉన్నాడు. తీరా చేతికిచ్చాక ఆటలో కారు మాటిమాటికీ గోడకి గుద్దుకుంది. ఫోను పీకేశాడు.

"ఏలుతో అయితే బాగా తిరుగుతాది పిన్నీ. ఇది అడ్డం."

జగదాంబకి ఉసూరుమనిపించింది. జాహ్నవి మాత్రం ఖాళీ స్టీరింగు తీసుకుని, కొట్టు వెనకున్న జీడిపప్పు అట్టపెట్టెలు లాక్కొచ్చి వరసగా పేర్చింది. "మందస, సోంపేట, ఇచ్ఛాపురం!" అని బస్సు కండక్టరులా కేకేసింది. వీధి పిల్లలు ఎక్కి కూర్చున్నారు.

అవినాష్ కాసేపు చూశాడు. "ముందు అద్దం లేని బస్సేటి?" అంటూ ఫోను తెచ్చి స్టీరింగులో పెట్టాడు. ఆటలో రోడ్డు మలుపు తిరిగినప్పుడల్లా పెట్టెల్లో పిల్లలందరూ ఆ పక్కకి ఒరిగిపోయారు. అంతలో చార్జింగు అయిపోయింది. ఇప్పుడేం చేస్తారో అని జగదాంబ బేరం కూడా ఆపేసి చూసింది. అవినాష్ ఇంటికి పోయాడు. వాడి వెనకే ఇద్దరు ముగ్గురు దిగిపోయారు. జాహ్నవి మిగిలినవాళ్లతో "టైరు పంచరైంది, అందరూ తొయ్యండి!" అంది.

మర్నాడు కొట్టు తెరుస్తుంటే అవినాష్ అట్టముక్క పట్టుకుని వచ్చాడు.

"పిన్నీ, కాలితో తొక్కే బ్రేకు ఎలగ సేత్తారు?"

"నాకు తెల్దురా. రా, ఇద్దరం సూద్దాం."

తొక్కి వదిలితే అట్టముక్క మళ్లీ లేచేలా రబ్బరు బ్యాండు కట్టారు. దాన్ని తొక్కితే తాడు లాగినట్టయి అట్టపుల్ల ఫోను మీది బ్రేకు గుర్తుకి తగిలేలా అమర్చారు. తగిలింది కానీ ఫోను పలకలేదు. పుల్ల చివర తడి దూది చుట్టారు, అదీ కుదరలేదు. చివరికి జగదాంబ, మనిషి తగిలితేనే ఫోను పలుకుతుందేమోనని, చాక్లెట్టు మీది వెండి కాగితం చుట్టి, దాని కొస అవినాష్ చేతికిచ్చింది. తొక్కాడు. కారు ఆగింది!

"ఆగిపోనాది పిన్నీ!"

నారాయణరావు కూడా చెప్పు విడిచి ఒకసారి తొక్కి చూశాడు.

తర్వాత జగదాంబ అలాంటి స్టీరింగులు ఇంకొన్ని తెప్పించింది. కొన్నే అమ్ముడయ్యాయి. ఒకావిడ తిరిగి తెచ్చి, "ఫోను మాన్పిద్దారని కొంటే దీనికీ ఫోనేనేటి?" అని కోప్పడింది. జగదాంబ దాన్ని వెనక్కి తీసుకుంది.

ఇవి పిల్లలకి నచ్చుతాయా అని ఎవరైనా అడిగితే ఆమె ఇప్పటికీ ఔననీ చెప్పదు, కాదనీ చెప్పదు. "గుమ్మంలో ఒకటి ఇప్పి పెట్టినాను. మీ గుంటని కూసోబెట్టి సూడండి," అంటుంది. తనూ చూడ్డానికి స్టూలుని దగ్గరికి జరుపుకుంటుంది.