అమ్మ కంచానికి మూడు చిల్లులు

దయ్యాల మాటెత్తితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. మట్టిని ఆరబెట్టి, తూచి, రెండోసారి తూచినా అదే బరువు వస్తేనే కాగితం మీద పెట్టే ఉద్యోగం చేశాను. కాబట్టి ఇది చదివి పెద్దతనంలో నాకు చాదస్తం పట్టిందనుకోవద్దు. చాదస్తం మొదటినుంచీ ఉంది. అది ఇలాంటిది కాదు.

కలకత్తాలో హుగ్లీ అడుగు ఎప్పుడూ పూడిపోతూనే ఉంటుంది. సముద్రపు పోటు బురదను పైకి తోసుకొస్తుంది. ఓడలు నడవాలంటే డ్రెడ్జరుతో దాన్ని తవ్వి తీయాలి. ఆ తవ్వకంతో నీళ్ళు ఎంత బురదవుతున్నాయో లాంచీ మీద వెళ్ళి కొలవడం నా పని. ముందు సీసాతో నీళ్ళు పట్టాలి. తర్వాత తెల్లటి పళ్ళెం ఒకటి తాడుకు కట్టి దించాలి. అది ఎక్కడ కనబడకుండా పోతే నీటి తేట అంతవరకే. తాడుకు మూరకొక ముడి. మా నదిలో మొదటి ముడి తడవకముందే పళ్ళెం మాయమయ్యేది.

1986 జనవరిలో తాడు తెగి ఆ పళ్ళెం నది పాలయింది. కొత్తది మంజూరయ్యేదాకా పని ఆపడం నాకిష్టం లేదు. ఇంట్లో అమ్మది తెల్ల పింగాణీ పూత ఉన్న ఇనప కంచం ఉంది. అమ్మ పోయి అప్పటికి ఏడాది. శ్రీకాకుళం నుంచి పని వెతుక్కుంటూ కలకత్తా పక్కన మేముండే సంత్రాగాఛిలో దిగిన మనవాళ్ళకి అమ్మ మొదటి భోజనం అందులోనే పెట్టేది. దానికి మూడు చిల్లులు వేయించి తాడు కట్టాను.

డ్రెడ్జరు మీద నీట మునిగి పనిచేసే డైవరు సింహాద్రి కూడా అలా తిన్నవాడే. నన్ను అక్క వరసన అప్పా అంటాడు. ఆ కంచంతో మొదటిసారి వెళ్ళిన పొద్దున్న బడ్జ్ బడ్జ్ రేవు దిగువన మా లాంచీని డ్రెడ్జరుకు ఆనించి కట్టగానే కంచం చూసి గోల పెట్టాడు.

"ఓలప్పా, అమ్మ కంచానికి బెజ్జాలెట్టేసినావేటి? ఇంక నాకు పులుసు దేన్లో ఎడతావు?"

"ముందు నీ పని చూసుకోరా," అన్నాను.

బురద పీల్చే డ్రెడ్జరు గొట్టం మూతికి ఇనప తాడు చుట్టుకుంది. ఆటుకూ పోటుకూ మధ్య నీరు కాసేపు నిలుస్తుంది. ఆ కాసేపట్లో దిగి దాన్ని విప్పి రావాలి. ఆ బురదలో డైవర్లకు కళ్ళు పనిచేయవు, చేతులే దిక్కు. సింహాద్రి దిగిన కొంతసేపటికి అతని నడుము తాడు గబగబా గుంజుకుంది. చిక్కుకున్నానని దాని అర్థం. రెండో డైవరు హరేన్ దిగి, తడిమి తడిమి, పైకొచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. లంగరు గొలుసుల మధ్య సింహాద్రికి గాలి అందించే గొట్టం ఎటు పోయిందో అంతుపట్టలేదన్నాడు. పోటు మొదలైతే ఆ వడిలో ఎవరూ దిగలేరు. కిందున్నవాడు దక్కడు.

నేను చేయగలిగింది ఏమీ లేదు. చేతులు ఊరికే ఉండలేక, వేళయిందని సీసాతో నీళ్ళు పట్టి, కంచం దించాను.

కంచం మాయం కాలేదు. ఒక ముడి, మూడు, ఆరు. తాడు మొత్తం అయిపోయింది. చుట్టూ ఎప్పటి గోధుమరంగు నీళ్ళే. కంచానికి పైనున్న నీరు మాత్రం బావిలో చూసినట్టు తేటగా ఉంది. కంచం అంచు పక్కనే సింహాద్రి హెల్మెట్టు, గొలుసు కింద పడిన గాలి గొట్టం కనబడ్డాయి.

పక్కనే వంగి చూస్తున్న, మా లాంచీ నడిపే సరంగు దాదా, "దిదీ, ఓయ్ జే! ఓయ్ జే!" అని వేలు చూపిస్తూ అరిచాడు. అదిగో, అదిగో అని. అంటే చూసింది నేనొక్కదాన్నే కాదు.

"డ్రెడ్జరు వైపు గొలుసు కింద! ఎడం చెయ్యి చాపు, తగులుతాడు!" అని హరేన్‌కు బెంగాలీలో కేకేశాను.

హరేన్ మునిగాడు. ఇద్దరూ పైకొచ్చారు. అంతలోనే పోటు తగిలి లాంచీ ఊగింది. మళ్ళీ వంగి చూస్తే బురదనీళ్ళే. తాడు లాగితే కంచం వచ్చింది.

కింద తనకు ఒక్క క్షణం కూడా ఏమీ కనబడలేదని హరేన్ తర్వాత చెప్పాడు. నేను చెప్పినచోట చెయ్యి చాపాడు, మనిషి తగిలాడు, అంతే.

సీసా నీళ్ళను నేనే వడగట్టి, ఆరబెట్టి, రెండుసార్లు తూచాను. రోజూ ఉండేంత బురదే ఉంది. అంత బురదలో జానెడు లోతు కూడా కనబడదు. మా ఆఫీసరు బురద బరువు, కంచం కనబడిన లోతు, రెండు అంకెలూ చూసి, రెండూ ఒకేసారి నిజం కావు, ఒకటి కొట్టెయ్యమన్నారు. ఏది కొట్టెయ్యమంటారో మీరే చెప్పండన్నాను. ఆయన రెండూ ఉంచి సంతకం పెట్టేశారు.

ఎండ పడిన తీరు, కదలని నీరు, నా కంగారు, అన్నీ ఆలోచించాను. ఏదీ సరిపోలేదు.

సింహాద్రి ఇప్పుడు మనవల్ని ఎత్తుకు తిరుగుతున్నాడు. మా ఇంటికొస్తే ఆ కంచంలోనే పెట్టమంటాడు. మూడు చిల్లుల మీద మూడు ముద్దలు అదిమి, పైన పులుసు పోయించుకుంటాడు.

"అమ్మేనప్పా. నువ్వు ఒప్పుకోవు గానీ," అంటాడు ప్రతిసారీ.

"కారిపోతోంది, తొందరగా తినరా," అంటాను.

అతను తింటుంటే ఎదురుగా కూర్చుంటాను. అన్నం తరిగేకొద్దీ కంచం అడుగు తెల్లగా బయటపడుతుంది. ఆ రోజు అంత లోతున అది ఎలా కనబడిందో నాకు ఇప్పటికీ తెలియదు.