వేలితో గీతను చూసిన మస్తాన్ వలి

మా గురువు మస్తాన్ వలి గారు కన్నుమూశారన్న దుర్వార్త నన్ను చేరేసరికి, గిద్దలూరులోని నా దుకాణంలో, కంప్యూటరు చెప్పినట్టు చెక్కే సీఎన్సీ మిషన్ ఆయన గీసిన తలుపునే చెక్కుతోంది. రెండు రోజుల ముందు మార్కాపురం నుంచి పంపిన డిజైను అది. నడుమ మామిడి పిందెలు, చుట్టూ తీగ. ఫోనులో ఆయన భార్య, నేను చిన్నమ్మా అని పిలిచే ఆవిడ, ఒక్క మాటే అన్నది: “పాపా, మీ చిన్నాయన పోయినాడు.” టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారట. మిషన్ ఆపబోయిన నా చెయ్యి మళ్లీ వెనక్కి వచ్చింది. “నడుమలో ఆపితే గీత మీద మచ్చ పడ్తది. ఏమొచ్చినా పూర్తి కానియ్యి” అని నేర్పింది ఆయనే. ఇరవై నిమిషాలు అట్లాగే నిలబడి, ఆఖరి ఆకు పూర్తయ్యాక మార్కాపురం బస్సెక్కాను. అటువంటి వేళ శిష్యురాలు చేయవలసింది అదేనా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

పశ్చిమ ప్రకాశంలో కొత్త ఇల్లు కట్టుకున్నవారి గుమ్మాల మీద, దేవుడి గదుల తలుపుల మీద, బడుల శిలాఫలకాల మీద ఆ మహనీయుని రేఖాలావణ్యం ఇవాళ్టికీ సజీవంగా ఉంది. కింద ఆయన పేరు మాత్రం ఎక్కడా ఉండదు. యౌవనంలో పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించే పనిలో చేరి, విరిగిన పలకల మీద బలపంతో బొమ్మలు గీసుకుంటూ చిత్రలేఖనం అభ్యసించారు. తరువాత కుంచె పట్టి బోర్డులు రాశారు. ఊళ్లోకి సీఎన్సీ వచ్చినప్పుడు తోటివారు తిట్టుకుంటూ కూర్చుంటే, ఈయన మాత్రం కంప్యూటరు నేర్చుకున్నారు.

నేను పెద్దారవీడు రైతు కూతుర్ని. డిప్లొమా చేతపట్టుకుని, అన్నీ వచ్చనుకుంటూ ఆయన దగ్గర పనికి చేరాను. మొదటి రోజు మౌస్ ముట్టనివ్వలేదు. పలక, బలపం ఇచ్చారు.

“ఏంది చిన్నాయనా, ఒకటో తరగతిలో ఏస్తాండావా నన్ను?” అన్నాను.

“అవును. బలపంతో ఒక్క ఊపులో రాని వంపు, మౌస్‌తో నూరు చుక్కలు పెట్టినా రాదు పాపా. గియ్యి.”

ఆ చుక్కల సంగతి బయటివారికి చెప్పాలి. కంప్యూటరులో గీసిన వంపు కొన్ని చుక్కల ఆధారంగా నిలబడుతుంది. చుక్కలు మితిమీరితే ఒక్కొక్క దాని దగ్గరా మిషన్ తటపటాయించి, చెక్క మీద గరుకు తేలుతుంది. ఆయన మామిడి పిందెకు నాలుగు చుక్కలు చాలు. నాకు ముప్ఫై పట్టేవి. మూడు నెలలు ఆ పిందె ఒక్కటే గీయించారు. విసిగి ఏడ్చాను కూడా.

ఆయన జీవితకాల తపస్సు తెలుగు అక్షరాలు. కంప్యూటరులో దొరికే అక్షరాల్లో ఒత్తులు ఇరుక్కుపోయి మిషన్‌లో చెక్కే ముల్లు, అంటే బిట్, దూరదని, అది తిరగడానికి చోటు వదిలి ప్రతి అక్షరాన్నీ, గుణింతాన్నీ, ఒత్తునూ స్వహస్తాలతో గీసుకున్నారు. వాటితో చెక్కిన పేరును కళ్లు మూసుకుని వేలితో తడిమి చూసేవారు. వేలు ఎక్కడా ఆగకపోతేనే పని పూర్తయినట్టు. “కన్ను మొగమాటపడ్తది పాపా, ఏలు పడదు” అనేవారు. ఆయన చెక్కినవాటికి సాండ్ పేపర్ పట్టేది చిన్నమ్మే. ఆమెకూ ఆ అలవాటే వచ్చింది.

రెండేళ్ల కింద ఆయన పాత కంప్యూటరు మొరాయించసాగింది. అందులోని డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఎప్పటిదో. కొత్త కంప్యూటర్లలో ఎక్కదు. “నీకు ఇంగ్లీషొచ్చు గదా. మంచిదొకటి ఎంచి చెప్పు, నేను పోయినాక గూడ నా అక్షరాలు బతకాల” అన్నారు. గురువు నన్ను అడిగిన కోరిక ఆ ఒక్కటే.

గొప్పగా పూనుకున్నాను. మూడు సాఫ్ట్‌వేర్లు తెచ్చి ఆయన ముందు పెట్టాను. వాటి గుణగణాలు నేను ఏకరువు పెడుతుంటే ఓపికగా విని, “సరే గానీ పిందె గియ్యి” అన్నారు. మూడింటిలోనూ అదే పిందె గీసి, అదే వేపచెక్క ముక్క మీద చెక్కాం. ఆయన కళ్లు మూసుకున్నారు.

మొదటిది తడిమి, “మెట్లు మెట్లుగా ఉండాది” అన్నారు. రెండోది ఉచితంగా వచ్చేది. వేలికి నున్నగానే ఉంది గానీ కొలతల దగ్గర ఇబ్బంది పెట్టింది. మూడోదాని మీద వేలు జారిపోయింది. గీయడమూ, బిట్ ఏ దారిన నడవాలో మిషనుకు చెప్పడమూ రెండూ అందులోనే. ఆయన కళ్లు తెరిచి చిన్నపిల్లాడిలా నవ్వారు. “ఇది మన చెయ్యి పట్టుకునింది పాపా. ఇంగ నా సరుకంతా దీంట్లోకి మార్చు.”

ఆ సాయంత్రమే ఆయన డిజైన్లన్నిటినీ కొత్త సాఫ్ట్‌వేర్ చదివే రూపంలోకి మార్చి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని గిద్దలూరు వచ్చేశాను. ఒక్కటైనా తెరిచి చూశానా? లేదు. కొత్త గీతను ఆ సాఫ్ట్‌వేర్ ఎట్లా గీస్తుందో మూడు రకాలుగా పరీక్షించిన మేము, పాత గీతను ఎట్లా మోస్తుందో ఒక్కసారీ చూడలేదు. ఆయనకు తోచకపోవడం సహజం. నమ్మి నాకు అప్పగించారు. చదువుకున్నదాన్ని నాకు తోచవద్దా? ఆయన అడిగినప్పుడల్లా, “అయిపోయింది చిన్నాయనా, కొంచెం సర్దాల” అనేదాన్ని. కొమరోలులో తలుపులు, కొనకనమిట్లలో గుడి ఫలకం అంటూ నా పనులు నాకుండేవి. ఆయన రెట్టించేవారు కాదు. మొరాయించే ఆ పాత కంప్యూటరులోనే గీసి, మిషన్‌లో నేరుగా ఎక్కే ఫైలు మాత్రం నాకు పంపేవారు.

ఆయన పోయిన వారానికి చిన్నమ్మ ఫోను చేసింది.

“పాపా, ఆ కంప్యూటర్ను చూస్తాంటే అన్నం పోతలేదు నాకు. మావోళ్ల పిల్లలు చదువుకి అడుగుతాండారు. ఉండేదంతా తుడిపిచ్చి ఇయ్యమంటావా? మీ చిన్నాయన సరుకు నీ దగ్గర ఉండాది గదా?”

“అంతా నా దగ్గర భద్రంగా ఉంది చిన్నమ్మా, ఇచ్చేయ్” అన్నాను. ఆ మాట అన్న నోరు నాదే.

నలభయ్యో దినం దగ్గర పడుతుండగా ఆమె మరో మాట చెప్పింది. సమాధి దగ్గర పెట్టే రాతి మీద ఆయన పేరు ఆయన అక్షరాల్లోనే ఉండాలని. నేను మార్కాపురం నల్లరాయి తెప్పించుకుని, మొదటిసారిగా ఆ పెన్‌డ్రైవ్ పెట్టాను. ఫైళ్లు తెరుచుకున్నాయి. అక్షరాలు కనబడ్డాయి. దగ్గరికి లాగి చూస్తే ప్రతి వంపూ వందలకొద్దీ పొట్టి సరళరేఖలుగా తెగిపోయి ఉంది. నాలుగు చుక్కల పిందె నాలుగు వందల ముక్కలు. ఆయన చుక్క ఎక్కడ పెట్టారో, చెయ్యి ఎక్కడ తిప్పారో ఆనవాలే లేదు. పాత ఫైళ్లు తిరిగి దొరుకుతాయేమోనని, తుడిచేసిన కంప్యూటరును ఏదో సాకు చెప్పి ఆ పిల్లల దగ్గర అడిగి తీసుకుని ఒంగోలు దాకా మోసుకెళ్లి చూపించాను. తెలిసినవారినల్లా బతిమాలాను. అందరూ తల అడ్డంగా ఊపారు.

చివరికి పలక తీశాను. ‘మస్తాన్ వలి’ అని బలపంతో రాసి తుడిచి, రాసి తుడిచి, నాకు చేతనైనంతలో మేలైనదాన్ని కొత్త సాఫ్ట్‌వేర్‌లో గీసి రాతి మీద చెక్కాను. కంటికి ముచ్చటగా ఉంది. మార్కాపురం తీసుకువెళ్లి చిన్నమ్మ ముందు పెట్టాను. ఆమె ముందు చూడలేదు. కళ్లు మూసుకుని ‘మ’ దగ్గర వేలు పెట్టి మెల్లగా జరిపింది. ‘స్తా’ ఒత్తు వంపులో వేలు ఆగింది. వెనక్కి తెచ్చి మళ్లీ జరిపింది. మళ్లీ అక్కడే ఆగింది.

“ఈడేందో తగుల్తాంది పాపా.”

ఆమే నా తల మీద చెయ్యి వేసి, “పోనీలే, నువ్వేమి చేస్తావు. పెట్టిచ్చు” అన్నది. ఆమెకు నేను అసలు సంగతి ఇంకా చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకనే ఇక్కడ రాసుకుంటున్నాను.

నలభయ్యో దినం ఆ రాయి లేకుండానే గడిచిపోయింది. సరిచేసి తెస్తానని వెనక్కి తెచ్చుకున్నాను, అది నా దుకాణంలో మిషన్ పక్కన గోడకు ఆనించి ఉంది. రోజూ ఆ ఒత్తును తిరగగీస్తాను, చెక్కముక్క మీద చెక్కుతాను, కళ్లు మూసుకుంటాను. నా వేలికి ఏమీ తగలదు. నున్నగానే ఉన్నట్టు తోస్తుంది. నా వేలి మీద నాకే నమ్మకం లేదు.

చిన్నాయనా, నీ పాదాలకు నమస్కారం. నువ్వు అడిగిన ఆ ఒక్క పనీ చేయలేకపోయాను. నీ పేరు సరిగ్గా కుదిరిందో లేదో చూసి చెప్పవలసిన వేలు నీదే. అది లేకుండా ఈ రాయిని నీ దగ్గరికి ఎట్లా తెచ్చేది?